ఎర్ర పి ప్లేటు, అర్ధరాత్రి సినిమా

ప్రశ్న: సిడ్నీలో ఉంటున్నాం. 18 ఏళ్ల మా అబ్బాయికి ఈమధ్యే పి1 లైసెన్స్ (కొత్త డ్రైవర్లకిచ్చే మొదటి దశ ప్రొవిజనల్ లైసెన్స్, కారుకి ఎర్ర పి ప్లేటు తగిలించాలి) వచ్చింది. తన ఈడు స్నేహితులు ముగ్గుర్ని ఎక్కించుకుని సెకండ్ షోకి వెళ్తానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. పంపొచ్చా?

జవాబు: వెళ్లేటప్పుడు ఫర్వాలేదండీ, చిక్కంతా తిరిగొచ్చేటప్పుడే. న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్లలోపు పి1 డ్రైవర్లు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా, 21 నిండనివాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. సినిమా వదిలాక మిగతా ఇద్దరూ రైలెక్కాల్సిందే. నాకైతే ఈ రూలు సబబుగానే అనిపిస్తుంది. నలుగురు కుర్రాళ్లు చేరితే కారులో ఎంత గోలో తెలిసిందేగా! ఫోన్‌లో మ్యాప్ కూడా కుదరదు, సిగ్నల్ దగ్గర ఆగినా సరే. 110 బోర్డున్న మోటర్‌వేలోనూ వీడి స్పీడు 90 దాటకూడదు. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వమనండి.