చెప్పెత్తుకుపోతే వెంటబడొద్దు పాపా

పాపకు పెద్దనాయన ఆశీర్వదించి రాసేది.

వీధికుక్క పిల్లను తెచ్చుకుంటా ఉండావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పింది అనడం కంటే మొత్తుకుంది అనాల. తిరుపతి బైరాగిపట్టెడలో రెండు గదుల బాడుగిల్లు, ఇంట్లో ముందే ఒక పిల్లి, పొద్దన పోతే సాయంత్రం వచ్చే ఉద్యోగం, దీనికి తోడు కుక్కా అని. ఆమె ముందర నేనూ అవునవునన్నా గానీ లోపల సంతోషంగానే ఉండాది. వేలు పోసి జాతికుక్కను కొనకుండా వీధిలో పుట్టినదాన్ని తెచ్చుకోవాలనుకున్నావు చూడు, అది మన ఇంటి బుద్ధి. భయం కూడా ఉండాది. మన వీధికుక్కలు మనుషుల చేతుల్ని కనిపెట్టి బతికేవి. రెండు వారాల్లో అది నిన్ను కాచి వడపోస్తుంది.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తా. 8 వారాలు నిండందే తల్లి నుంచి విడదీయొద్దు. నట్టల మందు 3 నెలల వయసు దాకా రెండు వారాలకొకసారి. పార్వో, డిస్టెంపర్ అని కుక్కపిల్లల ప్రాణం తీసే అంటురోగాలుండాయి, వాటి టీకా 6-8 వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా 3-4 వారాలకొకటి. పిచ్చికుక్క రోగం టీకా 3 నెలలకు, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు. వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి మీ ఊర్లోనే ఉండాది కాబట్టి సాకులు చెప్పొద్దు. సంగటి పెట్టొచ్చు, ఉప్పు లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసంతో. కూర కలపొద్దు, అందులోని ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కుక్కకు రక్తం తగ్గిస్తాయి. నిద్ర లేచినాక, తిన్నాక, ఆడినాక వెంటనే బయటికి తీసకపోతే ఇంట్లో తడపదు.

ఇంక అసలు సంగతి. చిత్తూరు పాతింట్లో ఉండిన మా కుక్క నల్లోడు నీకు గుర్తుండడు, నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉండావు. వాణ్ని దొంగను చేసింది మేమే. ఎట్ల చేసినామో వరసగా చెప్తా, నువ్వు అట్ల చేయకుండా ఉండేదానికి.

ఒకరోజు వాడు చెప్పు కరుచుకొని పెరట్లోకి పోయినాడు. మీ పెద్దమ్మ అరుస్తా వెంటబడి, చెప్పు విడిపించేదానికి చేతిలో ఉన్న బిస్కెట్టు చూపించింది. ఆమెకు చెప్పు దొరికింది, వానికి బిస్కెట్టు దొరికింది, ఇద్దరికీ లాభమే అనుకున్నాం. వాని లెక్క వేరే. చెప్పెత్తితే మనుషులు లేస్తారు, పరిగెత్తుతారు, కాసేపు ఆట, ఆటయ్యాక తిండి. గమ్మున కాళ్ల కాడ పడుకుంటే ఒకరూ పలకరించరు. ఏది లాభమో తేల్చుకునేదానికి వానికి వారం పట్టలేదు. ఆ తర్వాత పెరట్లోకి పోవడం మానేసినాడు, చెప్పు తెచ్చి నేరుగా బిస్కెట్ల డబ్బా కింద నిలబడేవాడు. మేం పగలబడి నవ్వినాం. ఆ నవ్వు కూడా వానికి కూలే.

తర్వాత సరుకు ఎంచుకోవడం నేర్చుకున్నాడు. చెప్పుకు ఒక బిస్కెట్టు, రిమోటుకు రెండు, మీ జేజినాయన కళ్లద్దాలకైతే ఇల్లంతా కదిలేది. దేనికి ఎవరు ఎంత బిన్నే లేస్తారో మాకంటే వానికే బాగా తెలుసు. పన్ను గాటు కూడా పడనిచ్చేవాడు కాదు. సరుకు చెడితే బేరం పోతుంది గదా!

మాన్పించాలని ఒకనాడు బిస్కెట్లు ఆపేసినాం. ఆపంగానే మానుతుందనుకునేదే తప్పు. కొళాయిలో నీళ్లు రాకుంటే మనం ఇంకో రెండు తిప్పులు తిప్పమా, కుక్కా అంతే. ముందు ఎక్కువ చేస్తుంది. ఒక చెప్పు కాస్తా రెండు చెప్పులయింది, అరుపు తోడయింది. నాలుగో దినం మీ జేజి తట్టుకోలేక ఒక ముక్క పడేసింది. దాంతో నాలుగు దినాలు ఓపిక పడితే పని జరుగుతుందని మేమే పాఠం చెప్పినట్టయింది. రోజూ పెట్టేది ఆపితే మర్చిపోతాయేమో గానీ, ఎప్పుడో ఒకసారి పెట్టేదాన్ని అంత సులువుగా వదలవు. లాటరీ టిక్కెట్లు కొనేవాళ్లను చూడు.

ఆ తర్వాతది నవ్వేది కాదు పాపా. బేనీషా మామిడికాయల కాలం. వాడు చెత్తబుట్టలోంచి టెంక తీసినాడు. మాకు అలవాటయిపోయిందేమో, నలుగురం నాలుగు పక్కల నుంచీ కమ్ముకున్నాం. మూలకు చిక్కినోడు, లాక్కుంటారని గుటుక్కున మింగేసినాడు. మేం గమ్మున ఉండింటే కాసేపు చీకి పారేసుండేవాడు. మన పరుగే దాన్ని వాని కడుపులోకి తోసింది. మర్నాటి నుంచి నీళ్లు తాగినా వాంతి, తిండి ముట్టడు, దొడ్డికి పోడు. టెంక ఎక్స్‌రేలో తేటగా కనబడదు, దాంతో రెండు దినాలు పోయినాయి. పేగు కోసి తీయించినాం. వాడు బతికినాడు గానీ, ఇప్పటికీ మామిడిపండు కోస్తే నా కన్ను ముందు చెత్తబుట్ట మూత మీదికే పోతుంది. నీకెప్పుడన్నా అట్ల అనుమానం వస్తే, టెంక మింగిందేమోనని నోరు తెరిచి డాక్టరుకు చెప్పు. స్కానింగు తీస్తారు.

తిండి చూపి వస్తువు విడిపించడం తప్పు కాదు. బేరం ఎవరు మొదలుపెట్టినారనేదే లెక్క. మేం చేసినప్పుడు కుక్క మొదలుపెట్టింది. నువ్వు చేసేటప్పుడు నువ్వే మొదలుపెట్టాల. ఇట్ల చెయ్యి. ఉడకబెట్టిన కోడిమాంసం బఠాణీ గింజంత ముక్కలు ఇరవై కోసి పెట్టుకో. దానికి పెద్ద మోజు లేని వస్తువు, పాత గుడ్డ లాంటిది, నువ్వే నోటికియ్యి. ముక్క ముక్కు కాడ పెట్టు. నోరు తెరవంగానే "ఇడువు" అని ఒకే ఒకసారి అను, ముక్క పెట్టు, వెంటనే గుడ్డ మళ్లీ దానికే ఇచ్చేయ్. తిరిగి ఇవ్వడమే ఇందులో కీలకం, అందరూ మరిచేదీ అదే. విడిచినా పోదు అని తెలిసిన కుక్క మింగదు, పారిపోదు. పూటకు ఐదుసార్లు, రెండు నిమిషాలు మించకుండా, రోజుకు మూడు పూటలు. వారం దాటినాక ముక్క చేతిలో కాకుండా జేబులో పెట్టుకొని ముందు మాట అను. ఆ తర్వాతే బంతి, ఆ తర్వాతే ఎముక. చెప్పుతో మొదలుపెడితే మళ్లీ నల్లోడే తయారవుతాడు.

నేర్చుకునే లోపలే ఏదన్నా ఎత్తుకుపోతే? పాత గుడ్డో, అట్టముక్కో అయితే మొహం తిప్పుకో. మాత్రల అట్టో, టెంకో అయితే ఎదురుగా పోవద్దు. వంటింట్లోకి నడిచిపోయి ఫ్రిజ్ తలుపు చప్పుడు చెయ్యి, నాలుగైదు ముక్కలు నేల మీద చల్లు. అది తినేదానికి వస్తుంది, నువ్వు నిదానంగా పోయి వస్తువు తీసుకో. ఇది రోజూ చేసే పని కాదు, చేస్తే ఇదీ బేరమే. ఇంట్లో అందరిదీ ఒకే మాట ఉండాల. మీ నాయన ఆదివారం వచ్చినప్పుడు పళ్లెంలోంచి రహస్యంగా పెడతాడు, వాని చేతి మీద కన్నేసి ఉంచు.

వేషాలు ఇంకా ఉంటాయి. ఒకసారి ముల్లు గుచ్చుకొని కుంటితే నువ్వు ఎత్తుకొని ముద్దు చేస్తావు. నెల తర్వాత ముల్లు లేకుండా కుంటుతుంది. నిజమో వేషమో తెలియాలంటే గొలుసు చేతికి తీసుకొని "పోదామా" అను. వేషమైతే కాలు టక్కున బాగవుతుంది. ముందు మాత్రం వేళ్ల సందుల్లో పిడుదు ఉందేమో చూడు. నిజంగా నొప్పి ఉన్న కుక్క కూడా ఉత్సాహం వస్తే కాసేపు బాగానే నడుస్తుంది, రెండు దినాలు కుంటితే డాక్టరుకు చూపించాల్సిందే.

నువ్వొచ్చేసరికి దిండు చింపి, చెవులు వాల్చి, తోక ముడుచుకొని నిలబడి ఉంటుంది. తప్పు తెలిసిందిలే అని నీకు అనిపిస్తుంది. 2009లో కుక్కల బుద్ధి మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆమె 14 కుక్కలతో దీన్నే పరీక్ష చేసింది. తప్పు చేసినవీ చేయనివీ ఆ మొహం ఒకేలా పెట్టినాయి. యజమాని తిట్టినప్పుడు ఎక్కువ పెట్టినాయి, ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవి ఇంకా ఎక్కువ పెట్టినాయి. అది నీ గొంతుకు భయపడడం, అంతే. దూది ఏరుకొని నీ పని చూసుకో. 4 నుంచి 6 నెలల మధ్య పాలపండ్లు ఊడుతాయి, అప్పుడు నమిలేదానికి ఏదో ఒకటి కావాల.

మీ పిల్లి తెల్లారుజామున 4 గంటలకు బల్ల మీది లోటా పడేస్తుందంట గదా. లోటా పడితే నువ్వు లేస్తావు, లేస్తే పాలు పోస్తావు. రాత్రి పడుకోబోయే ముందు మేత పెట్టు, బల్ల ఖాళీగా ఉంచు, ఎంత అరిచినా పొద్దు పొడవందే లేవొద్దు. వారమో రెండు వారాలో అరుపు ఎక్కువవుతుంది, తట్టుకో. కుక్కపిల్ల అందుకోలేని ఎత్తులో దానికొక అల్మరా అర వదిలిపెట్టు, పోట్లాటలు సగం తగ్గుతాయి.

నాకు నిద్ర పట్టనియ్యనివి రెండుండాయి. పిడుదులకని కుక్క మీద వేసే మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకు మంచిదే, పిల్లికి విషం. కుక్కను ఆనుకొని పడుకున్నా, నాకినా చాలు, వణుకు, మూర్ఛ వస్తాయి. షాపులో అడక్కుండా కొనొద్దు, ఇంట్లో పిల్లి ఉందని చెప్పి తీసుకో. పారాసిటమాల్ మాత్ర పిల్లికి ఒకటి పెట్టినా ప్రాణం మీదికొస్తుంది.

రెండోది లడ్డు. తిరుపతిలో ఉండేవాళ్లింటికి ఏ చుట్టం వచ్చినా కొండకు పోయే వస్తారు, బల్ల మీద లడ్డు పెట్టే పోతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్క కిడ్నీలను కొడుతుంది. కొన్ని కుక్కలు తట్టుకుంటాయి, కొన్ని నాలుగు గింజలకే పడిపోతాయి, ఏది ఎట్లాంటిదో ముందు తెలీదు. తినిందని తెలిస్తే 2 గంటల లోపల ఆస్పత్రికి పోతే కక్కిస్తారు. ఉప్పునీళ్లు తాగించి నువ్వే కక్కించొద్దు, అది ఇంకో ప్రమాదం. ప్రసాదం మూగజీవానికి పెట్టకపోతే పాపమనే పెద్దవాళ్లు మన ఇంట్లోనే ఉండారు. వాళ్లతో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు నోరు చేసుకోవద్దు.

అలిపిరి పక్క నడిపించేదుంటే చీకటి పడకముందే ఇంటికి తిరిగిరా. చిరుతకు కుక్క సులువైన మేత.

ఆదివారం పొద్దన బస్సుకు వస్తా. చెత్తబుట్ట నువ్వు కొనొద్దు, తిప్పి బిగించే మూత ఉండేది నేనే తెస్తా. కాలితో తొక్కితే తెరుచుకునేది మేమూ కొన్నాం, నల్లోడు మూడో దినమే తొక్కినాడు.