టైర్ల షాపు కొడుకు సస్పెన్షన్ ఇంజినీర్ అవుతానంటే

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. ములుగు రోడ్డులో టైర్ల షాపు, వీల్ అలైన్‌మెంట్ మిషన్ ఉన్నాయి. మా బాబు ఇక్కడే బీటెక్ మెకానికల్ సెకండియర్. హైదరాబాద్‌లో మా బావమరిది దోస్తుకు మస్టాంగ్ జీటీ కారు ఉంది. రేస్ ఇస్తే వెనుక టైర్లు జారుతున్నాయని, కారు వెనుక భాగం దడదడలాడుతోందని ఆయన అంటే, మావాడు వెడల్పు టైర్లు, వెనుక లావు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) వేయించమన్నాడు. దడ తగ్గలేదు, వాన పడితే ఇదివరకటికన్నా ఎక్కువ జారుతోందట. అయినా మావాడు సాఫ్ట్‌వేర్ వద్దు, సస్పెన్షన్ ఇంజినీర్‌నే అవుతానంటున్నాడు. ముప్పై ఏళ్లు టైర్ల మధ్య బతికిన నేను, వాణ్ణి ఈ టైర్లలోంచి బయట పడేయాలనే చదివించాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ చివరి మాటకు తర్వాత వస్తాను. ముందు ఆ కారు సంగతి చూద్దాం. మీ బాబు ఈ పనికి పనికొస్తాడా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మస్టాంగ్ జీటీకి 5 లీటర్ల వీ8 ఇంజిన్, 515 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఫస్ట్ గేర్‌లో, వెనుక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ దాటి చక్రాల దాకా వచ్చేసరికి అది పదింతలు దాటుతుంది. పదింతలే అనుకుందాం, 5,150. చక్రం వ్యాసార్ధం 0.34 మీటర్లతో భాగిస్తే సుమారు 15 వేల న్యూటన్ల తోపుడు. ఇక వెనుక రెండు చక్రాల మీద బరువు, కారు ముందుకు దూకేటప్పుడు వెనక్కి వాలేది కలుపుకున్నా, వెయ్యి కిలోల దరిదాపు. పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం 1 వేసుకుంటే, కిలో బరువుకు సుమారు 10 న్యూటన్ల చొప్పున పట్టు 10 వేల న్యూటన్లు. తోసేది పదిహేను, పట్టేది పది. పూర్తిగా రేస్ ఇస్తే టైరు జారక ఏం చేస్తుంది? ఇదంతా ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఘర్షణ పాఠమే. టైర్లు మార్పించే ముందు ఈ లెక్క వేశాడా అని మీ బాబును అడగండి.

వెడల్పు టైరు దగ్గరే చాలామంది పొరపడతారు. మనిషితో కలిపి కారు 1,800 కిలోలు అనుకుంటే ఒక్కో టైరు మీద 450. గాలి 32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు రెండుంపావు కిలోలు. కాబట్టి టైరు రోడ్డును తాకే చోటు దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. వేళ్లు దగ్గరపెట్టి అరచేతిని నేల మీద ఆనిస్తే పట్టేంత. వెడల్పు టైరు వేసి గాలి అంతే ఉంచితే ఆ చోటు పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపుల్లో, టైరు వేడెక్కినప్పుడు అది మేలే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం వెడల్పు టైరు నీటిని తొందరగా పక్కకు తోయలేక పైకి తేలుతుంది. మెత్తని రబ్బరు, సరైన గాలి, పాతబడని టైరు, ఈ మూడూ చూశాకే వెడల్పు గురించి ఆలోచించాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ మీకు నేను చెప్పక్కర్లేదు. 2319 అంటే 2019లో 23వ వారం. మీ బాబు ఆ అంకెలు చూశాడో లేదో.

యాంటీ రోల్ బార్ విషయంలో మాత్రం నేరుగా తప్పు చేశాడు. మలుపులో ఆ బార్ లోపలి చక్రం మీది బరువు తీసి బయటి చక్రం మీద వేస్తుంది. బరువు రెట్టింపైతే టైరు పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. బయటి టైరుకు వచ్చిన లాభం కంటే లోపలి టైరుకు పోయిన నష్టమే ఎక్కువ. అందుకే వెనుక బార్ ఎంత లావైతే వెనుక పట్టు అంత తగ్గుతుంది. తేలికైన లోపలి చక్రం తిరిగిపోవడం కూడా దానికి తోడు. ముందు చేయాల్సింది కంపెనీ బార్ మళ్లీ బిగించడం.

ఆ దడదడ వేరే సమస్య. కరీంనగర్ వైపు నుంచి గ్రానైట్ లోడుతో వచ్చే లారీ ఎత్తు మీద ఆగి, మళ్లీ క్లచ్ వదిలినప్పుడు వెనుక కమాన్ పట్టీలు మెలి తిరగడం మీరు చూసే ఉంటారు. టైరు రోడ్డును పట్టుకుంటుంది, యాక్సిల్ మెలిపడుతుంది, పట్టు వదలగానే మెలి విడిపోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే. దీన్నే వీల్ హాప్ అంటారు. 2014 మోడల్ దాకా మస్టాంగ్ వెనుక దాదాపు అన్నిటికీ లారీలాగే ఒకే యాక్సిల్ ఉండేది. 2015 మోడల్ నుంచి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది. అయినా హాప్ పూర్తిగా పోలేదు. చక్రాన్ని బండికి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లలో, అవి బిగించే వెనుక సబ్‌ఫ్రేమ్ చట్రం దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు సాగి ముడుచుకోవడం వల్ల మెలి పుడుతుంది. బుష్‌లు చూడాలి, అరిగితే మార్చాలి, గట్టివి వేసుకోవచ్చు, షాక్ అబ్జార్బర్లు సరిచూడాలి. టైరు మార్చితే ఇది పోదు.

ఇంత చెప్పింది మీ బాబును తక్కువ చేయడానికి కాదు. పంతొమ్మిది ఇరవై ఏళ్ల వయసులో చేసిన మార్పు ఫలితం తప్పని కళ్లారా చూసే అవకాశం ఎంతమందికి వస్తుంది? వాడి లోపం ఒక్కటే, కొలవకుండా సలహా ఇచ్చాడు. కొలిచే మిషన్ మీ షాపులోనే ఉంది! ఇంజినీరింగ్ కాలేజీల్లో సస్పెన్షన్ పాఠం చెప్పించుకునే పిల్లల్లో ఎక్కువమంది అరిగిన టైరు మీద చెయ్యి పెట్టి చూసి ఉండరు. ట్రెడ్ మీద అరచెయ్యి అడ్డంగా నడిపితే ఒక వైపు నున్నగా జారి, తిప్పి నడిపితే రంపం పళ్లలా గీరుకుందంటే టో (చక్రం నేరుగా ముందుకు చూడకుండా లోపలికో బయటికో తిరిగిన కోణం) తప్పిందని మీరు మిషన్ పెట్టకముందే చెబుతారు. అది వాహన గతిశాస్త్రంలో మొదటి పాఠం. మీరు వాణ్ణి బయట పడేయాలనుకున్న చోటే వాడి ల్యాబ్ ఉంది. ఈ మాట మీతో గట్టిగా చెప్పాలనే ఈ జవాబు ఇంత పొడుగైంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. స్పోర్ట్స్ కార్ల మీదే పనిచేసే ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. కానీ ఇదే విద్య ఎస్‌యూవీలకు, స్కూటర్లకు, ట్రాక్టర్లకు, ఇప్పుడు మరీ ఎక్కువగా ఎలక్ట్రిక్ కార్లకు కావాలి. 2024 నవంబరులో మహీంద్రా విడుదల చేసిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ రెండూ మోటారు వెనుక చక్రాలను తిప్పే బండ్లే, 380 న్యూటన్ మీటర్ల టార్క్. మోటారు ఆ టార్క్‌ను పెడల్ నొక్కగానే ఇస్తుంది, బ్యాటరీ బరువు అదనం. మస్టాంగ్‌కు వచ్చిన తలనొప్పే వీటికీ. చెన్నై దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, మైసూరులో జేకే టైర్ పరిశోధన కేంద్రం, పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ ఉన్న వాహన పరీక్షా కేంద్రం న్యాట్రాక్స్, హైదరాబాద్‌లోనే విడిభాగాల కంపెనీ జెడ్ఎఫ్, కార్ల కంపెనీ హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రాలు, సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ. ఉద్యోగం కోసం తిరగాల్సిన చోట్లు ఇవి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్ కంటే జీతం తక్కువ రావచ్చు. చుట్టాల పెళ్లిళ్లలో ఆ పోలిక వింటారు, తట్టుకోవాలి.

చదువు వైపు ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. కాలేజీలో బాహా లేదా ఫార్ములా టీమ్ (విద్యార్థులే బండి తయారుచేసి పోటీపడే జట్టు) ఉంటే ఈ సంవత్సరమే చేరాలి, లేకపోతే నలుగురిని కూడగట్టి మొదలుపెట్టాలి. బాహా ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి జరుగుతోంది, కోయంబత్తూరు కరి ట్రాక్ మీద ఫార్ములా భారత్ ఉంది. టీమ్‌లో సస్పెన్షన్ పనే అడగాలి. సొంతంగా గీసిన ఆర్మ్ ట్రాక్ మీద విరిగితే ఎందుకు విరిగిందో చెప్పగలిగిన కుర్రాణ్ణి ఇంటర్వ్యూలో ఎవరూ తొందరగా పంపించరు. దాంతోపాటు ఇంజినీరింగ్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వద్దన్నా కోడింగ్ తప్పదు. బీటెక్ తర్వాత గేట్ రాసి ఎంటెక్. రబ్బరు మీద మనసుంటే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఉంది. కార్ డిజైన్ పేరుతో లక్షలు కట్టించుకొని సాఫ్ట్‌వేర్ బటన్లు చూపించి పంపించే కోర్సుల్లో మాత్రం పైసా పెట్టొద్దు.

ఇంకో మాట, ఇది బతిమాలుతూ చెబుతున్నాను. ఆ కారును రాత్రి పూట రోడ్డు మీద పరీక్షించడానికి వాణ్ణి వెళ్లనివ్వకండి. బండిలో కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. దానికంటే ముందు ప్రాణం ఉంది.

ఈ వారమే ఒక పని మొదలుపెట్టించండి. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనివ్వండి. రోజూ సాయంత్రం షాపుకు వచ్చిన కార్లలో ఒక్కదానికి టో, క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు ఎంత వాలిందో), నాలుగు టైర్ల గాలి, ట్రెడ్ లోపల, మధ్య, అంచున ఎంత లోతు మిగిలిందో రాయమనండి. పక్కన ఆ అరుగుదలకు కారణం వాడి మాటల్లో. దాని కింద మీరేమనుకుంటున్నారో మీరు రాయండి. మూడు నెలలయ్యాక ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి. టైరు వైపు వెళ్లాలా, సస్పెన్షన్ వైపా, గేట్ ప్రిపరేషన్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అన్నది అవి చూసి చెబుతాను.