దుండిగల్ పోయే అల్లుడికి మామ రాసేది

అల్లుడూ, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి పైలట్ ట్రైనింగ్‌కి పోతాండావని అక్క ఫోన్ చేసి చెప్పింది, శానా సంతోషం రా. తిరుపతిలో మీ వీధంతా స్వీట్లు పంచినారంట, మా చిత్తూరు దాకా కూడా ఒక డబ్బా వచ్చింది. నేను పైలట్‌ని కాదు, విమానాలు నిలిపే లైన్ మీద ఇంజన్లు చూసుకున్నోడిని, కాబట్టి ఎగరేది ఎట్లా అని చెప్పను, దానికి మీ ఇన్‌స్ట్రక్టర్ ఉండాడు. కింద నిలబడి చూసేవాళ్ల కంట్లో పడేవి కొన్ని ఉంటాయి, అవి చెప్తా.

నీకు పిలాటస్ పీసీ-7 మార్క్ 2 ట్రైనర్ విమానం ఇస్తే, అది స్విట్జర్లాండ్‌ది, 2012లో మనోళ్లు 75 కొనేదానికి ఒప్పందం చేసుకున్నారు, 2013లో అకాడమీకి వచ్చింది. అంతకుముందు హెచ్‌పీటీ-32 దీపక్ అని పిస్టన్ ఇంజన్ విమానం ఉండేది, 2009లో ప్రమాదం తర్వాత దాన్ని ఆపేసినారు, ఆ మధ్యలో చేరిన పిల్లోళ్లని నేరుగా కిరణ్ జెట్ మీదనే కూర్చోబెట్టినారు పాపం. మీది మంచి టైమే.

దీని ఇంజన్ పీటీ6, 700 హార్స్‌పవర్. గాలి వెనక వైపు నుంచి ఇంజన్లోకి దూరి, పొగ ముందు నుంచి బయటికొస్తాది, ముక్కు పక్కన రెండు గొట్టాలు ఉండేది అందుకే. ప్రాపెల్లర్‌ని తిప్పే టర్బైన్ వేరే, గాలిని నొక్కే భాగం వేరే, రెండిటికీ మధ్య ఇనుముతో లింకు లేదు, వేడి గాలే తిప్పుతాది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎవురన్నా టెక్నీషియన్ ప్రాపెల్లర్ని చేత్తో తిప్పితే చూడు, లోపల మెయిన్ భాగం గమ్మున ఉంటాది. మన హెచ్‌ఏఎల్ కంపెనీ ట్రైనర్ హెచ్‌టీటీ-40 కి 2023 మార్చిలో 70 విమానాల ఆర్డర్ ఇచ్చినారు కదా, దాంట్లో ఉండేది హనీవెల్ టీపీఈ331 ఇంజన్, అది ఒకే షాఫ్టుది, ప్రాపెల్లర్ తిప్పితే లోపలంతా తిరుగుతాది. రెండూ టర్బోప్రాపే, అంటే టర్బైన్‌తో ప్రాపెల్లర్ తిప్పేవే అని ఒకదాని అలవాటు ఇంకోదాని మీద రుద్దొద్దు.

స్టార్ట్ చేసేటప్పుడు నీ కన్ను టెంపరేచర్ గేజ్ మీదే ఉండాల. బ్యాటరీ వీక్‌గా ఉన్నా, వెనక నుంచి గాలి పొగ గొట్టాల్లోకి కొడతా ఉన్నా, ఇంజన్ స్పీడు అందుకోకముందే ఫ్యూయల్ పడి వేడి సర్రున ఎక్కుతాది, లిమిట్ దాటేట్టు అనిపిస్తే ఆలోచించకుండా ఫ్యూయల్ కట్ చెయ్. ఆ టర్బైన్ బ్లేడ్లు కాలితే మేము నెలలు తిప్పలు పడాల.

ఇంక వాక్‌రౌండ్, అంటే ఎగిరేముందు విమానం చుట్టూ తిరిగి చూసుకునేది. కొంతమంది పిల్లోళ్లు పెళ్లిలో పందిరి చుట్టూ తిరిగినట్టు ఒక చుట్టు తిరిగొచ్చి సంతకం పెట్టేస్తారు, మాకు దూరం నుంచే తెలిసిపోతాది. నువ్వు అట్ల చెయ్యొద్దు. ప్రాపెల్లర్ బ్లేడు ముందు అంచు మీద గోరు ఆనించి మెల్లగా పైనుంచి కిందికి జార్చు, రన్‌వే రాయి తగిలి గాటు పడి ఉంటే గోరు టక్కున ఆగుతాది, కంటికి కనపడనిది కూడా దొరుకుతాది. స్పీడు కొలిచే పిటాట్ గొట్టం మీద ఎర్ర రిబ్బన్ కవర్ తీసినారా, ఫ్యూయల్ మూత బిగించినారా, ఇంజన్ కింద నూనె మరక కొత్తదా పాతదా, టైరు, అన్నీ చెయ్యి పెట్టే చూడు. ఇంజన్ ఆగిందా లేదా తెలీకుండా ప్రాపెల్లర్ తిరిగే చోట అడుగు పెట్టొద్దు, ఇది మాత్రం నిద్రలో కూడా గుర్తుండాల.

విమానం రికార్డు రాసే ఫారం 700 మీద సంతకం పెట్టేముందు మునపటి రోజుల స్నాగులు, అంటే రాసిపెట్టిన లోపాలు చదువు. దిగినాక నీకేం తేడా అనిపించినా రాయి, "ఏదో శబ్దం" అని రాస్తే మాకేం అర్థం కాదు, ఏ పవర్ దగ్గర, ఏ స్పీడులో, ఎడమా కుడా, రాయి. సీనియర్ నవ్వుతాడేమో అని స్నాగ్ దాచుకునే పిల్లోడంటే నాకు ఇంతవరకు మంచి అభిప్రాయం లేదు.

టేకాఫ్‌లో పవర్ పెంచితే ముక్కు ఎడమకి లాగుతాది, కుడి కాలు వత్తాల, విమానం పక్కకి జారుతాందా అని చూపించే మీటర్లో బాల్ మధ్యలో ఉందా చూసుకోవాల. పవర్ తగ్గించేసరికి లెక్క మారుతాది. ట్యాక్సీ చేస్తా ఉన్నప్పుడే కాళ్లు మెలకువగా ఉన్నోడు ఎవురో మాకు తెలుస్తాది. రూంలో కాక్‌పిట్ ఫోటో గోడకి అంటించి కుర్చీలో కూర్చుని చెక్‌లిస్ట్ గట్టిగా చదువుతా చెయ్యి కదిలించు, రూమ్మేట్ ఎగతాళి చేస్తే చేయనీ.

ఆకాశంలో తిప్పినప్పుడు వాంతి వస్తే సిగ్గుపడొద్దు, తిరుమల ఘాట్ రోడ్డులో నువ్వు చిన్నప్పుడు ఎన్ని కవర్లు నింపినావో మీ అమ్మకి తెలుసు. ఖాళీ కడుపుతో పోవద్దు, రెండు ఇడ్లీలన్నా తిను, తల ఊరికే తిప్పొద్దు, దూరంగా హొరైజన్ చూడు, ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పెయ్.

ఫైటర్ వస్తాదా హెలికాప్టర్ వస్తాదా అని ఇప్పుడే అందరూ అడుగుతారు, మీ నాన్న కూడా అడుగుతాడు, బేసిక్ ట్రైనింగ్ అయినాక చూసుకుందాం అని చెప్పు. ఆ తర్వాతి ట్రైనింగ్ ఇచ్చే హకీంపేట, బీదర్, యలహంక బేసులన్నీ యాడికీ పోవు. మొదటి నెల ఫోన్ దొరకదు, అక్కకి నేను చెప్పుకుంటాలే, నువ్వు ఆదివారం వీలైతే ఆమెకి చెయ్, నాకు తర్వాత చేసినా చాలు.

మీ మామ