పాత్‌వే బొమ్మ గీసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు,

నీ రీసెర్చ్ ప్లాన్ రెండుసార్లు చదివాను. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో (గర్భాశయం లోపలి పొరలో వచ్చేది) సీరస్ అనే రకాన్ని ఎంచుకున్నావని సంతోషించాను. మొత్తం కేసుల్లో ఇది దాదాపు పదో వంతే, మరణాల్లో మాత్రం 40 శాతం దాకా దీని వాటా. దీని మీద పనిచేసేవాళ్లు ఇంకా కావాలి.

నీ మొదటి పాత్‌వే బొమ్మలో, అంటే కణంలో పెరుగుదల సంకేతం ఒక ప్రోటీన్ నుంచి మరోదానికి సాగే దారి బొమ్మలో, పీఐ3కే నుంచి ఏకేటీకి, అక్కడి నుంచి ఎమ్‌టోర్‌కి సూటిగా బాణాలు గీశావు. అవి తప్పు కావు. కానీ బాణం గీసే ముందు ఆ కణితి ఏ గుంపుదో తేల్చుకో. 2013లో టీసీజీఏ (క్యాన్సర్ జన్యువుల పటం తయారుచేసిన అమెరికా ప్రాజెక్టు) బృందం 373 కణితులను పరిశీలించి నాలుగు గుంపులు చేసింది: డీఎన్‌ఏ నకలు తీయడానికి పనికొచ్చే పోల్-ఈ జీన్‌లో మ్యుటేషన్ ఉన్నవి, డీఎన్‌ఏ తప్పులు దిద్దే వ్యవస్థ దెబ్బతిన్నవి, జీన్ కాపీల్లో మార్పులు తక్కువగా ఉన్నవి, బాగా ఎక్కువగా ఉన్నవి. సీరస్ కణితులు దాదాపు అన్నీ చివరి గుంపులోకే వస్తాయి, చాలావాటిలో కణితి రాకుండా కాపాడే పీ53 జీన్ చెడిపోయి ఉంటుంది. అయితే పీ53 చెడింది కదా అని వెంటనే అందులో చేర్చేయకు. పోల్-ఈ కణితుల్లో వేల మ్యుటేషన్ల మధ్య పీ53 కూడా చెడవచ్చు. మైక్రోస్కోపులో అవి భయపెట్టేలా ఉన్నా, ఆ పేషెంట్లు చాలావరకు బాగుంటారు. అందుకే పోల్-ఈ ఫలితం చేతిలో లేకుండా శాంపిల్‌కి పేరు పెట్టకు.

ఏకేటీ చురుకైందంటే అన్ని కణితుల్లో కారణం ఒకటే కాదు. ఎండోమెట్రియాయిడ్ అనే మరో రకంలో, ఈ దారిని అదుపు చేసే పీటెన్ ఎక్కువగా పోతుంది, అంటే బ్రేకే పోయినట్టు. సీరస్‌లో పీటెన్ చాలాసార్లు బాగానే ఉంటుంది. అక్కడ పీఐ3కేకి చెందిన పీఐకే3సీఏ జీన్ మారుతుంది, లేదా కణం పైపొర మీద పెరుగుదల సంకేతం అందుకునే హెర్2 జీన్ కాపీలు పెరిగి పైనుంచే తోస్తుంది. మరోపక్క కణ విభజనను ముందుకు నెట్టే సైక్లిన్-ఈ పెరగడం, దాన్ని తొలగించాల్సిన ఎఫ్‌బీఎక్స్‌డబ్ల్యూ7 చెడిపోవడం కూడా చూస్తాం. ఈ రెండూ చేరేది ఒకే చోటికి, కణ విభజనకు. వీటిని నీ బొమ్మలో వదిలేశావు, చేర్చు.

నేను మొదట్లో చేసిన తప్పు నువ్వు చేయకూడదని ఇది చెబుతున్నాను. దాదాపు రెండేళ్లు ల్యాబ్‌లో పెంచే ఇషికావా అనే కణాల లైన్ మీద పనిచేసి, ఆ ఫలితాలను సీరస్‌కి అన్వయించాను. అవి ఎండోమెట్రియాయిడ్ కణాలు, వాటిలో పీటెన్ లేదు. ఒక పాథాలజిస్ట్ అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ పనంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నువ్వు ఏఆర్‌కే1 లాంటి సీరస్ లైన్లతో మొదలుపెట్టు. లైన్ అదేనా కాదా అని ఎస్‌టీఆర్ (డీఎన్‌ఏతో గుర్తించే) పరీక్ష చేయించు, మైకోప్లాస్మా బ్యాక్టీరియా సోకలేదని నిర్ధారించుకో.

ఎమ్‌టోర్‌ని ఆపే మందు వేశాక ఒక్క గంటకే చూసి ఆగిపోకు. ఎమ్‌టోర్ కింద పనిచేసే ఎస్6 కైనేజ్ మామూలుగా, ఏకేటీకి పైనుంచి సంకేతం పంపే ఐఆర్‌ఎస్1ని అదుపులో ఉంచుతుంది. ఎమ్‌టోర్ ఆగితే ఆ అదుపు సడలి, ఏకేటీ మళ్లీ లేస్తుంది. మందు పనిచేస్తున్నట్టు కనిపిస్తూనే కణం తప్పించుకుంటుంది. 24 గంటలకూ, 48 గంటలకూ ప్రోటీన్లను చూపే బ్లాట్ పరీక్ష వెయ్యి. ఆపరేషన్ శాంపిల్స్ అయితే తీసిన వెంటనే ఫ్రీజ్ చేయాలి, ఆలస్యమైతే ప్రోటీన్ చురుగ్గా ఉందని చూపే ఫాస్ఫో సిగ్నల్ కరిగిపోతుంది.

హెర్2 గురించి మాత్రం పట్టుదలగా ఉండు. సీరస్‌లో హెర్2 పరీక్ష రంగు తరచుగా కణం అడుగునా పక్కలనే పడుతుంది, పైఅంచున పడదు. అంతేగాక ఒకే కణితిలో చోటుకో రకంగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ చూసే అలవాటుతో చూస్తే నెగెటివ్ అని రాసేస్తాం. 2018లో వచ్చిన ట్రయల్‌లో హెర్2 పాజిటివ్ సీరస్ పేషెంట్లకు కీమోతో పాటు హెర్2ని అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్ ఇస్తే, జబ్బు ముదరకుండా ఉన్న కాలం 8 నెలల నుంచి 12.6 నెలలకు పెరిగింది. స్లైడ్ సరిగ్గా చదవకపోతే ఒక తల్లికి దక్కాల్సిన నెలలు పోతాయి. చిన్న బయాప్సీ ముక్కతో తృప్తిపడకు, రెండో బ్లాక్ (మైనంలో భద్రపరచిన కణితి ముక్క) అడుగు.

మొదటి బ్లాట్లు రాగానే మొత్తం మెంబ్రేన్ ఫొటోలు పంపు, కత్తిరించకుండా.

నీ మేలు కోరే
మాస్టారు