ప్యాకేజీ కొనేముందు నూనె ప్యాకెట్ మీద తేదీ రాయండి

బరువు తగ్గించే ప్యాకేజీల గురించి, మొదలుపెట్టాక మధ్యలో వదిలేయడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. థైరాయిడ్‌కు రోజూ మాత్ర వేసుకుంటాను. మా వీధిలో టిఫిన్‌కు బదులు పాలలో పొడి కలిపి షేక్ ఇచ్చే క్లబ్బు వాళ్లు నెలకు 7,000 రూపాయలు అంటున్నారు. ఫోన్ యాప్‌లో కోచ్‌తో మూడు నెలలకు 9,000. ఊళ్లో ఒక స్లిమ్మింగ్ సెంటర్ మెషీన్లతో 10 కిలోలు గ్యారంటీ అని 45,000 అడుగుతోంది. దేనికి డబ్బు పెట్టొచ్చు?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, దాదాపు 29.6. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క కాబట్టి తగ్గాల్సిన మాట నిజమే. కానీ మొదటి మజిలీ 10 కిలోలు పెట్టుకోకండి. 4, 5 కిలోలు తగ్గి అక్కడ నిలబడినా షుగర్, బీపీ లెక్కల్లో తేడా వస్తుంది. వారానికి అర కిలో తగ్గితే చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. రోజుకు 1,000 కేలరీలకు తక్కువ తినే ఏ పథకమూ సొంతంగా చేయొద్దని కూడా.

ఇక ఆ మూడూ చేసే పని ఒకటే, మీ చేత రోజూ కాస్త తక్కువ తినిపించడం. బిల్లే వేరు.

షేక్ సంగతి చూడండి. 25 గ్రాముల పొడి, ఒక గ్లాసు టోన్డ్ పాలు కలిపితే 220 కేలరీల దగ్గర తేలుతుంది. అది ఏ టిఫిన్ స్థానంలో వచ్చింది? ఉప్మా పెసరట్టు, అల్లం చట్నీ, తర్వాత చక్కెర వేసిన కాఫీ అయితే అది 500 పైమాటే. ఆ 300 కేలరీల తేడాయే తగ్గించింది తప్ప పొడిలో మంత్రమేమీ లేదు. మొదటి వారంలో రెండు కిలోలు పోయాయని క్లబ్బులో చప్పట్లు కొడతారు. అందులో ఎక్కువ భాగం నీళ్లు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం ఖర్చవుతూ తనతో పట్టి ఉంచిన నీటినీ వదిలేస్తుంది. అన్నం తిన్న రెండు రోజులకు ఆ నీరు తిరిగి వస్తుంది, మీరు భయపడి ఇంకో డబ్బా కొంటారు.

డబ్బా ధరను ప్రోటీన్ గ్రాముకి ఎంత పడుతుందో లెక్కేయండి. ఉదాహరణకు 2,000 రూపాయల డబ్బాలో 20 సర్వింగులు, ఒక్కోదాంట్లో 9 గ్రాముల ప్రోటీన్ ఉన్నాయనుకుందాం. మొత్తం 180 గ్రాములు, అంటే గ్రాము 11 రూపాయలు. 7 రూపాయల గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి, గ్రాము రూపాయి పావలాకి మించదు. కిలో పెసరపప్పులో 220 గ్రాములకు పైగా ఉంటాయి, అక్కడ గ్రాముకు రూపాయి కూడా పడదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునే మీకు ఇంకో చిక్కు. మాత్ర మింగిన వెంటనే సోయా షేక్ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. నిద్రలేవగానే మంచినీళ్లతో మాత్ర, కాఫీ గంట తర్వాత, కాల్షియం గానీ ఐరన్ గానీ కలిపిన పొడులు నాలుగు గంటల తర్వాత. కొత్త పొడి మొదలెట్టాక థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగితే, డోసు పెంచే ముందు ఈ సంగతి డాక్టరుకు చెప్పండి.

స్లిమ్మింగ్ సెంటర్‌కు వెళితే టేపును చూడండి. మొదటి రోజు బొడ్డు మీదుగా వదులుగా చుట్టి, పదో రోజు రెండు వేళ్ల పైన బిగించి, ఊపిరి లోపలికి తీసుకోమని కొలిస్తే ఏ మెషీనూ లేకుండానే రెండంగుళాలు తగ్గుతారు. కొలవాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక. ఆవిరి పెట్టెలో కూర్చుంటే పోయేది చెమట. గ్యారంటీ కాగితం వెనక సన్న అక్షరాలు చదవండి. ‘మేమిచ్చిన ఆహార పట్టిక నూరు శాతం పాటిస్తేనే’ అన్న షరతు ఉంటే, ఒక్క పూట తప్పినా మీరు డబ్బు అడగలేరు. మెషీను తీసేసి ఆ పట్టికొక్కటి పాటించినా అదే బరువు తగ్గుతారని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా!

మూడింట్లో కాస్త నయం యాప్. తిన్నది రాసుకునే అలవాటు నేర్పుతుంది, రాసుకుంటే తిండి దానంతటదే కొంత అదుపులోకొస్తుంది. బోల్తా పడేది ‘ఒక కప్పు పప్పు’ అని ఎక్కించి, తాలింపు నూనె, మీద వేసుకున్న నెయ్యి వదిలేసినప్పుడు. చెంచా నూనె 40 కేలరీలకు పైనే. కోచ్‌కు ఎంతమంది ఖాతాలున్నాయో, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కిస్తారో అడిగి తెలుసుకోండి. అంతకంటే ముందు 14 రోజులు ఒక నోటుబుక్కులో తిన్నదల్లా తిన్నవెంటనే రాయండి. రాయగలిగితే ఆ 9,000 అవసరం పడకపోవచ్చు. రాయలేకపోతే యాప్‌లోనూ రాయరు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం, శాకాహారులం. వెయిట్ వాచర్స్ పాయింట్లు మేలా, ఇంటికి వచ్చే డైట్ భోజనం పెట్టెలు మేలా?
— ఒక పాఠకురాలు

జవాబు: అన్నం, పప్పు తినే ఇంటికి పాయింట్లే నయం. తినే ప్రతిదానికీ ఇన్ని పాయింట్లని వేసి, రోజుకు ఇన్నే అని హద్దు పెట్టే పద్ధతి అది. పెట్టెలో వచ్చేది పాస్తా, సూపు. నాలుగో వారానికి నాలుక మొరాయిస్తుంది. పైగా పెట్టె ఆగిన రోజు మీకు వండుకోవడం రాదు. 1983లో ఆస్ట్రేలియాలో మొదలై అమెరికాలో పేరు తెచ్చుకున్న జెన్నీ క్రెయిగ్ అనే పెట్టెల కంపెనీ 2023 మే నెలలో తన సెంటర్లను మూసేసింది. తర్వాత ఆ పేరు వేరే యాజమాన్యం కింద మళ్లీ వచ్చినా, పెట్టెల మీదే బతికిన వాళ్లకు అప్పటికి చేతిలో ఏమీ మిగల్లేదు. 1963 నుంచి ఉన్న వెయిట్ వాచర్స్ కూడా అప్పుల భారం దించుకోవడానికి 2025 మేలో దివాలా రక్షణ కోరింది. సేవలు మాత్రం ఆపలేదు. ఏడాది చందా ఒకేసారి కట్టకండి, నెలవారీ చాలు.

పాయింట్ల పద్ధతిలో ఉడికిన పప్పుకు సున్నా. మనవాళ్లు అక్కడే జారిపోతారు. పప్పు సున్నా, తాలింపు సున్నా కాదు, పప్పులో కలిపిన అన్నం అసలే కాదు. గిన్నెడు పప్పులో పడిన నూనెను ఎంతమంది తింటారో అన్ని వాటాలు వేసి, మీ వాటా ఎక్కించండి.

ఏ పథకం గొప్పదన్న ప్రశ్నకు అమెరికాలో జరిగిన ఒక మంచి పరీక్ష 2005లోనే జవాబిచ్చింది. 160 మందికి అట్కిన్స్, జోన్, వెయిట్ వాచర్స్, ఆర్నిష్ అనే నాలుగు డైట్ పద్ధతులు పంచి ఏడాది చూశారు. పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎవరు ఎంత పట్టుగా పాటించారన్నదానితోనే బరువు ముడిపడింది.

ప్రశ్న: 45 ఏళ్ల మగవాణ్ణి. మూడు నెలల్లో 92 నుంచి 84 కిలోలకు వచ్చాను. ఐదు వారాలుగా ముల్లు కదలట్లేదు. అన్నం పూర్తిగా మానేసి జొన్నరొట్టె తింటున్నాను. ఇంకేం మానేయాలి?
— వ్యాపారి, కరీంనగర్

జవాబు: ఇంకేమీ మానకండి, కొలవండి. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలుంటే, వంద గ్రాముల జొన్నపిండిలోనూ 330కి పైనే ఉంటాయి. రొట్టెలో పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, అది మంచిదే. అయితే చేతితో తట్టిన పెద్ద రొట్టెకు 60 గ్రాముల పిండి పడుతుంది. అంటే ఒక్కోటి 200 కేలరీలు. ‘రొట్టే కదా’ అని మూడు తింటే 170 గ్రాముల బియ్యం వండుకుని తిన్నట్టే. ఒక్కసారి పిండిని తూచి చేయించండి, ఆ రొట్టె సైజు కంటికి అలవాటవుతుంది.

8 కిలోలు తగ్గిన ఒంటికి రోజూ 160 నుంచి 200 కేలరీలు తక్కువ సరిపోతాయి. మొదటి నెలలో తగ్గించిన తిండి ఇప్పుడు మామూలు తిండి అయిందన్నమాట. ఆ 200 మీ వంటింట్లోనే దొరుకుతాయి. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. తలకు రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు చాలు. లీటరు ప్యాకెట్లో ఉండేది 910 గ్రాములే కాబట్టి అవి మూడు ప్యాకెట్లూ చిల్లర. ఆరు అయిపోతున్నాయంటే తలకు 45 గ్రాములు, అదనంగా రోజుకు 180 కేలరీలు. సీసాలోంచి వంచి పోసే బదులు చెంచాతో వేయమని వంట చేసేవాళ్లను అడగండి. మీరే వండితే మరీ మంచిది.

రెండో అనుమానం శని, ఆదివారాల మీద. ఐదు రోజులు రోజుకు 500 చొప్పున తగ్గిస్తే 2,500. శనివారం రాత్రి బిర్యానీ, డబుల్ కా మీఠా, ఆదివారం గారెలు, నాటుకోడి కూర, సాయంత్రం మిర్చి బజ్జీ కలిపితే అందులో చాలా భాగం తిరిగి ఒంట్లోకే.

నడుము కూడా కొలుస్తున్నారా? ముల్లు నిలిచినా టేపు తగ్గుతుంటే దిగులు వద్దు. మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. వారానికి మూడు రోజులు గుంజీలు, గోడకు చేతులు పెట్టి దండీలు, బరువులు ఎత్తడం లాంటివి చేయండి. కిలో బరువుకు ఒక గ్రాము ప్రోటీన్ తగ్గనివ్వకండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ మాట డాక్టరును అడిగాకే.

ప్రశ్న: మా వారికి షుగర్. డాపాగ్లిఫ్లోజిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. అన్నం, రొట్టె అన్నీ ఆపి కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులతో నెల ఉంటే మందులే అక్కర్లేదని బంధువులు పోరుతున్నారు.
— నంద్యాల

జవాబు: ఆ రెండు మందులు మింగుతూ ఈ ప్రయోగం ప్రాణాల మీదికి తెస్తుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని పిండిపదార్థం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్‌తో ఉపవాసం చేస్తే, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని విషం కావచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ 200 లోపే కనిపించవచ్చు, అందుకే ఇంట్లో ఎవరూ పసిగట్టరు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆస్పత్రిలో రక్తంలో కీటోన్ల పరీక్ష అడగండి. తక్కువ కేలరీల ఆహారంతో చేసిన పరిశోధనల్లో కొందరికి షుగర్ మందులు ఆగిన మాట నిజమే. ఆ పరిశోధనల్లో మందులు డాక్టర్లే చూసుకున్నారు, బంధువులు కాదు.

ప్రశ్న: ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. పది రోజులు బాగా చేస్తాను, ఈలోగా ఒక పెళ్లి, ఆఫీసులో ఒక పార్టీ. ఆ రోజుతో సరి. మనసును ఎలా నిలబెట్టుకోవాలి?
— ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మనసును నిలబెట్టే పని పెట్టుకోకండి, అది నిలబడదు. పెళ్లి మీ డైట్‌ను చెడగొట్టలేదు. ఒక పూట భోజనం ఎంత ఎక్కువైనా వారం లెక్కలో సర్దుకుంటుంది. చెడగొట్టింది ‘ఎలాగూ పాడైంది, సోమవారం నుంచి చూద్దాం’ అనుకున్న ఆ మిగతా నాలుగు రోజులు. మీకు ఒకటే నియమం. పూట తప్పితే తప్పింది, వరుసగా రెండు పూటలు తప్పనివ్వొద్దు.

బంతిలో ఏం చేయాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. మొదట కూరలు, పప్పు. పులిహోరో బిర్యానీయో ఒక్కటే, రెండూ కాదు. బూరె వడ్డించాక దాన్ని చిదిమి గుంట చేసి నెయ్యి పోస్తారు చూశారూ, ఆ నెయ్యి గరిటె రాకముందే బూరెను నోట్లో వేసుకోండి! ‘వద్దు’ అంటే వడ్డించేవాళ్లు వదలరు. ‘పెరుగన్నంలో చూద్దాం’ అంటే ముందుకు వెళ్లిపోతారు. ఇంట్లో అత్తగారి దగ్గరా ఇదే మాట పనికొస్తుంది.

తూకం రోజూ చూసి దిగులుపడేవాళ్లు మానేయడం ఎక్కువ. చూస్తే పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, గచ్చు మీద పెట్టిన మెషీను పైన చూడండి, ఏడు రోజుల సగటే లెక్కలోకి తీసుకోండి. ముందురోజు ఆవకాయ, అప్పడాల ఉప్పుకు కిలో దాకా నీరు నిలుస్తుంది. నెలసరి ముందు కూడా అంతే, కాబట్టి ఈ నెలసరి పదో రోజును పోయిన నెలసరి పదో రోజుతోనే పోల్చండి. గోడ క్యాలెండర్‌లో కిలోలు రాయకండి. అరగంట నడక, రాత్రి ఎనిమిదిలోపు భోజనం, ఈ రెంటికే టిక్కులు పెట్టండి. కిలోలు మన చేతిలో లేవు, టిక్కులున్నాయి.

కార్తీక సోమవారాలు కలిసొస్తాయని చాలామంది అనుకుంటారు. పగలంతా ఖాళీ కడుపుతో ఉండి రాత్రి సగ్గుబియ్యం, పులిహోర, వడలతో విడిస్తే రెండు పూటల తిండి ఒకేసారి పడుతుంది. సగ్గుబియ్యం దాదాపు ఒట్టి పిండే. ఉపవాసం పట్టుకోండి, విడిచేటప్పుడు పెసరపప్పు, పెరుగు ముందు పెట్టుకోండి.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, వారానికో ఇంజెక్షన్ చాలంటున్నారు. నిజమేనా?
— రాజమహేంద్రవరం

జవాబు: పనిచేస్తుంది. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్ పరీక్షలో 68 వారాల్లో సగటున 15 శాతం దగ్గర తగ్గారు. ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. కాబట్టి ‘మూడు నెలల కోర్సు’ అని ఎవరైనా అమ్మితే వాళ్లకు మందు సంగతి తెలియదనుకోండి. ప్యాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, ఇంట్లో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆకలి చచ్చి కాఫీతో పూట గడిపేస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కాబట్టి పళ్లెంలో గుడ్డు, పప్పు, పెరుగు ముందు తిని, అన్నం తర్వాత పెట్టుకోండి. జిమ్ స్నేహితుడు తెచ్చిన ఇంజెక్షన్ పెన్ను తీసుకోవద్దు. అది తయారైన చోటి నుంచి మీ చేతికొచ్చేదాకా ఫ్రిజ్‌లో ఉందో, కారు డిక్కీలో ఉందో పెన్ను మీద రాసి ఉండదు.