మూడుల్ ఉచితమే, నడిపే మనిషి ఉచితం కాదు

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాది అటానమస్ డిగ్రీ కాలేజీ. 1,800 మంది పిల్లలు. ఆన్‌లైన్ పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌ల సాఫ్ట్‌వేర్‌కి ఒక కంపెనీ విద్యార్థికి ఏడాదికి 450 రూపాయలు, పైన జీఎస్టీ, ఏటా 8 శాతం పెంపు అంటోంది. మా కుర్ర లెక్చరర్లేమో ఇదే పని చేసే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం కదా అంటున్నారు. ట్రస్టు ఫిక్స్‌డ్ డిపాజిట్ కొంత తీసి, కంపెనీతో ఐదేళ్లకు రాసుకోమంటారా?

జవాబు: ట్రెజరర్ గారూ, ముందు ఆ డిపాజిట్ జోలికి వెళ్లకండి. ఏటేటా వచ్చే ఖర్చు ఆ ఏటి ఫీజుల్లోంచే పోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే జీతాలకు మీకు డిపాజిట్టే దిక్కు.

కంపెనీ లెక్క చూద్దాం. 1,800 మందికి 8,10,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, 1,45,800. వ్యాపారస్తుడైతే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే తాను వసూలు చేసి కట్టాల్సిన జీఎస్టీలోంచి, సర్దుకుంటాడు. డిగ్రీ చదువు మీద మీరు జీఎస్టీ వసూలు చేయరు కనుక మీకు ఆ వెసులుబాటు లేదు, పన్నూ ఖర్చే. మొదటి ఏడాది 9,55,800. పెంపుతో ఐదేళ్లకు 56 లక్షలు దాటుతుంది.

మూడుల్ 2002 నుంచీ ఉన్నది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు దానిది, ఎంతమంది పిల్లలున్నా లైసెన్సుకి రూపాయి కట్టక్కర్లేదు. కానీ రొయ్యల చెరువు ఊరికే ఇచ్చారనుకోండి, మేత, ఏరియేటర్లు, కరెంటు బిల్లు మనవే కదా! నెలకు 30,000 జీతం మీద ఒక మనిషి, క్లౌడ్ సర్వరు, బ్యాకప్‌లకు లక్షన్నర, శిక్షణకీ బయటి సపోర్టుకీ లక్ష వేసుకోండి: 6,10,000. ఇదీ ఏటా 8 శాతం పెరిగినా ఐదేళ్లకు దాదాపు 36 లక్షలు.

ఇరవై లక్షల తేడా అని సంబరపడేముందు ఒక్క మాట. మూడుల్ నడపడానికి పెట్టుకున్న ఆ మనిషికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే? అడ్మిన్ పాస్‌వర్డు అతని ఫోన్లోనే ఉంటే మీ పని అయిపోయినట్టే. అందుకని కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ ఒకరికి రెండు క్లాసులు తగ్గించి ఇదే పని నేర్పించండి. సర్వరు కాలేజీ ల్యాబులో పెట్టొద్దు, తుపాను పూట కరెంటు పోతే అంతే సంగతులు. పది గంటలకు 1,800 మందీ ఒకేసారి క్విజ్ తెరిస్తే చిన్న సర్వరు చతికిలబడుతుంది, బ్యాచులుగా పెట్టండి. లంక గ్రామాల పిల్లలు మూడుల్ యాప్‌లో పాఠాలు దించుకుని సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు.

నా ఓటు మూడుల్‌కే. ఈ సెమిస్టర్‌కి కామర్స్ విభాగంలో మొదలుపెట్టండి.

మనిషిని నిలబెట్టుకోలేమనిపిస్తే కంపెనీకే ఇవ్వండి, కానీ ఐదేళ్లకు సంతకం వద్దు. ఇలాంటి సాఫ్ట్‌వేరే అయిన వెబ్‌సీటీని 2006లో పోటీదారు బ్లాక్‌బోర్డ్ కొనేసింది, దాన్ని నమ్ముకున్న యూనివర్సిటీలు క్రమంగా వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. ఏడాదికే రాసుకోండి. మానుకున్న రోజున ప్రశ్నల బ్యాంకు, మార్కులు, పాఠాలు వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కే రూపంలో అదనపు రుసుము లేకుండా ఇస్తామని అగ్రిమెంటులోనే రాయించండి. నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి.