వర్చువల్ మెషిన్‌లో నెట్ రావడం లేదా?

ప్రశ్న: ఉబుంటులో కేవీఎం (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషిన్‌ను నడిపే లైనక్స్ సదుపాయం) మీద విండోస్ 11 వేస్తున్నాను. నెట్‌వర్క్‌కు కనెక్ట్ అవమని అడిగే చోట ఆగిపోయింది. హోస్ట్‌లో (అసలు కంప్యూటర్‌లో) నెట్ బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మెషిన్‌కు ఇచ్చిన నెట్‌వర్క్ కార్డు బహుశా వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసమే రూపొందించిన కార్డు) రకం అయివుంటుంది. దాని డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది, విండోస్ డిస్కులో ఉండదు. అందుకే ఉబుంటు గెస్ట్‌లో (హోస్ట్ లోపల నడిచే మెషిన్‌లో) ఈ ఇబ్బంది కనిపించదు.

హోస్ట్‌లో వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓ (విండోస్‌కు కావాల్సిన ఈ డ్రైవర్లున్న డిస్కు ఫైలు) డౌన్‌లోడ్ చేసుకోండి. వర్ట్-మేనేజర్‌లో (వర్చువల్ మెషిన్ల సెట్టింగులు మార్చే ప్రోగ్రాంలో) ఇప్పటికే ఉన్న సీడీ డ్రైవ్‌లోంచి విండోస్ ఐఎస్ఓ తీసేసి దీన్ని పెట్టండి. ఆ దశలో విండోస్ డిస్కుతో ఇక పని లేదు. మెషిన్ నడుస్తుండగా కొత్త సాటా డ్రైవ్ చేర్చబోతే కుదరదు.

గెస్ట్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, వచ్చిన నల్ల తెరలో 'డెవ్ఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ' అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. పసుపు గుర్తుతో ఉన్న ఈథర్నెట్ కంట్రోలర్‌పై రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ డ్రైవర్‌లోకి వెళ్లి, సీడీలోని నెట్‌కేవీఎం, దాని లోపల డబ్ల్యూ11, దాని లోపల ఏఎండీ64 ఫోల్డర్ చూపించండి. పేరులో ఏఎండీ ఉన్నా ఇంటెల్ ప్రాసెసర్‌కూ ఇదే.

అనుమానముంటే ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ 1ఏఎఫ్4 అయితే వర్ట్‌ఐఓ. 8086 అయితే ఇంటెల్ నమూనా కార్డు, అప్పుడు పై డ్రైవర్ పనిచేయదు.

తొందరగా ఉంటే మెషిన్ ఆపి కార్డును ఈ1000ఈ అనే ఇంటెల్ నమూనాకు మార్చినా నెట్ వస్తుంది. కానీ అది అసలు కార్డును అనుకరిస్తుంది కాబట్టి సీపీయూపై భారం ఎక్కువ. రోజూ వాడే మెషిన్‌కు వర్ట్‌ఐఓయే మేలు.

ప్రశ్న: విండోస్ గెస్ట్‌లో ఈ1000ఈ తీసి వర్ట్‌ఐఓ పెట్టాను. పాత స్టాటిక్ ఐపీ (మారకుండా మనమే ఇచ్చే అడ్రస్) ఇవ్వబోతే, అది వేరే అడాప్టర్‌కు ఉందంటోంది. అక్కడున్నది ఒక్క అడాప్టరే!
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తీసేసిన కార్డు వివరాలు, దాని ఐపీతో సహా, విండోస్‌లో మిగిలే ఉన్నాయి. డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ ఎంచుకోండి. మసకగా కనిపించే పాత ఇంటెల్ అడాప్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఐపీ ఇవ్వండి.

ప్రశ్న: వర్చువల్‌బాక్స్ (వర్చువల్ మెషిన్లు నడిపే మరో ప్రోగ్రాం)లోని విండోస్ గెస్ట్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది. డ్రైవర్ మార్చినా అంతే.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: డ్రైవర్‌ను వదిలేయండి, అది పనిచేస్తోంది. డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే సేవ) నుంచి జవాబు రానప్పుడు విండోస్ తనకు తాను ఇచ్చుకునే అడ్రస్ అది. బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో (గెస్ట్‌ను హోస్ట్ కార్డు ద్వారా నేరుగా బయటి నెట్‌వర్క్‌కు కలిపే పద్ధతిలో) కేబుల్ లేని ఈథర్నెట్ పోర్టు ఎంపికై ఉందేమో చూడండి. నాట్‌కు (హోస్ట్ కనెక్షన్‌నే గెస్ట్‌తో పంచుకునే పద్ధతికి) మార్చితే మొదటి కార్డుకు మామూలుగా 10.0.2.15 రావాలి.